వదిన కోసిన ట్రాన్స్ పాట

మా వదినకు అణకువ లేదు. ఆడపడుచునన్న హోదాలో దెప్పడానికి ఈ మాట అనడం లేదు, ఉన్నమాట చెబుతున్నాను. పని బాగా కుదిరితే బాగా కుదిరిందని తనే ముందు చెప్పేస్తుంది. ఎదుటివాళ్లు ఎప్పుడు మెచ్చుకుంటారా అని మొహాలు చూసే రకం కాదు. మా అన్నయ్యను చేసుకుని ఇంటికి వచ్చిన కొత్తలో ఈ గుణం చూసి నాకు ఒళ్లు మండేది. గది ఊడిస్తే ఎంత శుభ్రంగా ఉందో వచ్చి చూడమనేది. చూసి బాగుందనక తప్పేది కాదు, ఎందుకంటే నిజంగానే బాగుండేది. ఇప్పుడైతే ఆవిడ తన గొప్ప చెప్పుకోవడంలో ఎక్కడైనా తక్కువ పడితే ఆ మిగిలింది నేను పూరిస్తాను. అందుకే ఈ కథ నేను చెబుతున్నాను.

మేమిద్దరం ఒకేచోట పనిచేస్తాం. రైలు పట్టాలకు ఆనుకుని ఉన్న కార్ఖానా, వినైల్ రికార్డులు తయారుచేస్తుంది. ఆ నల్లటి పళ్లేలు ఇంకా ఎవరు కొంటున్నారని మా చుట్టాలు అడుగుతూనే ఉంటారు. కొనేవాళ్లున్నారు కాబట్టే మా ఇంట్లో పొయ్యి వెలుగుతోందని నేను జవాబు చెబుతూనే ఉంటాను. నాది కవర్ల గది. వేడి తగ్గిన రికార్డును ముందు పల్చటి కాగితం సంచిలో, తర్వాత అట్ట కవరులో పెట్టడం, మూలలు నలిగిన కవర్లు పక్కకు తీయడం నా పని. వదినది కోత గది. మెట్లెక్కి వెళ్లాలి. గోడలకు మందపాటి గుడ్డ తాపడం చేశారు, తలుపు మూస్తే కింద రికార్డులు అచ్చొత్తే ప్రెస్సుల మోత ఒక్క పిసరు కూడా లోపలికి రాదు.

రికార్డు పుట్టేది ఆ గదిలోనే. లక్క పూసిన పెద్ద అల్యూమినియం పళ్లెం యంత్రం మీద తిరుగుతూ ఉంటుంది. పాట నడుస్తుంటే, దానికి తగ్గట్టు వణికే వేడి ముల్లు ఆ లక్కలో గాడి కోసుకుంటూ అంచు నుంచి మధ్యకు జరుగుతుంది. ఆ పళ్లెం నుంచి లోహపు అచ్చులు తీస్తారు, అచ్చుల నుంచి వందల రికార్డులు వస్తాయి. పళ్లెం మీద తప్పు జరిగితే వందల్లోనూ అదే తప్పు. కోసిన లక్క దారంలా పైకి లేస్తుంది, వెంట్రుక కంటే సన్నగా. పక్కనే ఉన్న గొట్టం దాన్ని ఎప్పటికప్పుడు పీల్చేసుకోవాలి. ఒక్కసారి అందకపోతే ఆ దారం ముల్లుకు చుట్టుకుని పళ్లెం పాడవుతుంది. దాని మీద ఒక కన్ను వేసి ఉంచుతూనే ఎడమ చేత్తో ఇంకో పని చెయ్యాలి. శబ్దం పెద్దదైతే గాడి ఎక్కువ ఊగుతుంది, పక్క గాడికి తగలకుండా ఎడం పెంచాలి. చిన్నదైతే దగ్గరకు జరిపి చోటు మిగుల్చుకోవాలి. అందుకొక పిడి ఉంది. మాది పాత యంత్రం, దానంతటది ఏదీ చెయ్యదు. పెద్ద శబ్దం వచ్చాక పిడి తిప్పితే ఆలస్యమైనట్టే. అది రాబోతోందని చేతికి ముందే తెలిసి ఉండాలి.

ఈ పని వదినకు ఎవరూ పిలిచి ఇవ్వలేదు. మొదట్లో కింద ప్రెస్సుల దగ్గర, రికార్డు అంచుల మీద పొంగిన ప్లాస్టిక్కును కత్తిరించే పని చేసేది. ఏదో కాగితం ఇచ్చి రమ్మని ఒకసారి పైకి పంపితే, అక్కడ ఆ దారం లేవడం చూసి కాగితం చేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయిందట. కోత గదిలో అప్పుడు పెద్దాయన ఉండేవాడు. ఆయన పేరు ఎవరం పలకం, కార్ఖానాలో అందరికీ పెద్దాయనే. ఏం కావాలమ్మా అని ఆయన అడిగితే, ఆ కుర్చీ కావాలండీ అంది. ఆయన నవ్వాడే గాని తరిమెయ్యలేదు. చాలాకాలం ఆవిణ్ని పిడి ముట్టనివ్వలేదు, దారం మాత్రమే చూడమన్నాడు. వదిన కళ్లలో ఒత్తులు వేసుకుని దారమే చూసింది. ఇంటికి వచ్చాక నా చీర అంచున దారం వేలాడినా పట్టుకుని లాగబోయేది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. పాట అయిపోయాక, గాళ్లకూ మధ్యలో అంటించే లేబులుకూ నడుమ నున్నటి పట్టీ మిగులుతుంది. కోసినవాళ్లు అక్కడ ఉక్కు సూదితో తమ గుర్తు గీసుకుంటారు. ఈ పనిలో ఉన్నవాళ్ల ఆనవాయితీ అది. మా కార్ఖానా రికార్డుల మీద ఉండేది ఒక త్రికోణం, మధ్యలో చుక్క. అది పెద్దాయన గుర్తు. రికార్డుల పిచ్చి ఉన్నవాళ్లు కొట్లో దీపం కింద వంచి, ఆ త్రికోణం ఉందో లేదో చూసుకుని మరీ కొంటారు.

మోకాళ్లు సహకరించక పెద్దాయన పని మానుకున్నప్పుడు కుర్చీ వదినకు వచ్చింది. గుర్తు మాత్రం రాలేదు. కుర్చీ నీదేనమ్మా, త్రికోణం ఆయనదే ఉంచు, జనం అది చూసే కొంటున్నారు అన్నాడు మా యజమాని. కుర్చీ దక్కిన సంతోషంలో వదిన సరేనంది. కొన్నాళ్లేగా అనుకుంది. ఆ కొన్నాళ్లు ఏళ్లయ్యాయి. ఈవిడ కోసిన ప్రతి పళ్లెం మీదా ఈవిడ చేత్తోనే ఆయన గుర్తు. అడిగినప్పుడల్లా యజమాని చూద్దాం అనేవాడు. ఆఖరికి వదిన మెట్లు దిగుతుంటే ఫోను చెవికి ఆనించుకోవడం అలవాటు చేసుకున్నాడు.

ఒకసారి మా పెదమామయ్య ఇంటికి వెళ్లాం. ఆయనకు రికార్డులంటే ప్రాణం. కొత్తగా కొన్నదొకటి పెట్టి, చూడండి ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాడు. అది నేను కోసిందేనండీ అంది వదిన వెంటనే. మామయ్య రికార్డు తీసి, దీపానికి పెట్టి చూసి, నవ్వి, త్రికోణం ఉంది కదమ్మా, ఇది మీ పెద్దాయనది అన్నాడు. ఆయన తప్పేమీ లేదు, మర్యాదగానే అన్నాడు. గొప్పలు పోతోందనుకుని అత్తయ్య మొహం అటు తిప్పుకుని నవ్వుకుంది. వదినకు ఆ పూట కాఫీ సహించలేదు. తన పని తనదేనని ఒక్క రికార్డు మీదైనా ఉండాలి. ఆవిడ కోరిక అంతే. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాతో అంది:

"రోజూ దొంగ సంతకం పెడుతున్నట్టుంటుందే. అదీ నా పనికి నేనే."

ఇలా ఉండగా లిఫ్టు మెకానిక్ వచ్చాడు. నలభై దాటిన మనిషి, బట్టతల, గోళ్లలో గ్రీజు. బతుకుతెరువుకు లిఫ్టులు బాగుచేస్తాడు, మిగిలిన వేళల్లో ట్రాన్స్ సంగీతం కడతాడు. ట్రాన్స్ అంటే ఏమిటో నాకు అప్పటికి తెలియదు. మాటలుండవు, పాడేవాళ్లుండరు. కింద డ్రమ్ము ఒకే నడకలో గుండెలా కొట్టుకుంటూ ఉంటుంది. దాని మీద ఒక్కో స్వరం వచ్చి చేరుతుంది, చేరినవి తిరిగిందే తిరుగుతూ, వినేవాడు తనెక్కడున్నాడో మరిచిపోయేదాకా వదలవు. డాన్సు హాళ్లలో రికార్డులు తిప్పేవాళ్లు ఇప్పటికీ వాటిని వినైల్ మీదే కావాలంటారట. అలాంటివి నాలుగు కొత్త సింగిల్స్ విడుదల చెయ్యాలని అతని పట్టుదల. పెద్ద పళ్లెం, వైపుకు ఒకే పాట, పాటకు తొమ్మిదేసి నిమిషాలు, హాలు అదిరిపోయేంత శబ్దం.

అతను మా దగ్గరికి వచ్చిందే త్రికోణం కోసం. ఇంట్లో అలమర నిండా ఆ గుర్తున్న రికార్డులేనట. కోత గదిలోకి వచ్చి, వదినను చూసి, చుట్టూ చూసి, సార్ ఎప్పుడొస్తారని అడిగాడు. సార్ అన్నీ చూసుకుంటారు, ఈవిడ సాయం చేస్తుంది అన్నాడు యజమాని, మొహంలో ఏ కోశానా సిగ్గు లేకుండా. జవాబు చెప్పకుండా ఉండడం చేతకాని మా వదిన ఆ పూట నోరు మెదపలేదు. కవర్ల కొలత అడగడానికి వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. నాకు తల కొట్టేసినట్టయింది.

మొదటి పాట కోసేటప్పుడు మెకానిక్ పక్కనే కూర్చున్నాడు. వదిన ముందే ఒకసారి ఆ పాట విన్నది. మధ్యలో ఒకచోట అంతా ఆగి మళ్లీ మొదలవుతుందని ఆవిడకు తెలుసు. తలకు తెలుసు, చేతికి తెలియదు. సగం దాకా పాట నున్నగా దిగింది. అప్పుడు డ్రమ్ము ఆగింది. ఒక్కో స్వరం తప్పుకుంది. ఆఖరికి గాలి వీచినంత సన్నటి చప్పుడు మిగిలింది, అదీ చల్లారింది. ఇన్నేళ్లూ చిన్న చిన్న పాటలు కోసిన చెయ్యి, చప్పుడు చల్లారిందంటే పాట అయిపోయిందనే దానికి అలవాటు. తల అడ్డుకునేలోపే ముగింపు మీట నొక్కేసింది. ముల్లు జర్రున మధ్యకు జారి, రికార్డు చివర వేసే గుండ్రటి గాడి వేసేసి పైకి లేచింది. వదిన ఊపిరి వదిలి వెనక్కి వాలింది. స్పీకర్లలో డ్రమ్ము రెట్టింపు జోరుతో తిరిగి వచ్చింది. పాట ఇంకా సగం ఉంది, ముల్లేమో గాలిలో ఉంది.

మెకానిక్ మంచివాడు, అరవలేదు. సార్ ఉండుంటే బాగుండేదని మాత్రం గొణిగాడు. అంతకంటే అరిచినా బాగుండేది. కబురు విని పైకి వచ్చిన యజమాని మొహం మాడ్చుకుని, లక్క పళ్లేలు చెట్లకు కాయవన్నాడు. ఇంకొక్కసారి చూద్దాం, అప్పటికీ కుదరకపోతే ఈ ఆర్డరు మనది కాదనుకుందాం అని వెళ్లిపోయాడు. వదిన ఏడ్చి ఉంటుందనుకుంటే మీకు ఆవిడ సంగతి తెలియదన్నమాట. మెకానిక్‌ను కూర్చోబెట్టి, అసలు మధ్యలో ఆ ఖాళీ ఎందుకు పెట్టావు బాబూ అని అడిగింది. నిలదీయడం కాదు, తెలుసుకోవాలని. అతను కాసేపు బట్టతల రుద్దుకున్నాడు.

"లిఫ్టు పైకెళ్తూ రెండంతస్తుల మధ్య ఆగిపోయిందనుకోండక్కా. లోపలున్నవాళ్లు ఊపిరి బిగబట్టి వింటారు. ఎక్కడ ఏ తీగ కదిలినా వినిపిస్తుంది. అది మళ్లీ కదిలినప్పుడు ఉంటుంది చూడండి, ఆ సంతోషం కోసమే ఆపాను."

వదిన ఆ పాటను ఫోనులో వేయించుకుని ఇంటికి తెచ్చింది.

ఆ వారమంతా మా ఇంట్లో ట్రాన్సే. అంట్లు తోముతూ పాట పెట్టుకునేది, ఎడమ చెయ్యి కుళాయి మీద. స్వరాలు చేరుతుంటే తిప్పి ధార పెంచేది. ఖాళీలోకి దిగుతుంటే తగ్గించి, ఇంకా తగ్గించి, బొట్టు బొట్టుగా పడేదాకా తెచ్చేది. పొరపాటున పూర్తిగా కట్టేసిందా, ఓడిపోయినట్టే, మళ్లీ మొదటినుంచి. డ్రమ్ము తిరిగి వచ్చేముందు, ఒక్క ఊపిరి ముందు, ధార పెరగాలి. మొదట్లో ప్రతిసారీ ఆలస్యమే. తోమిన గిన్నెలే మళ్లీ తోమింది. ట్యాంకులో నీళ్లయిపోయి, స్నానాల గదిలోంచి అన్నయ్య సబ్బు మొహంతో కేకలేస్తే, ఖాళీలో ఉన్నానండీ ఇప్పుడు మాట్లాడకండి అని బదులిచ్చింది. అన్నయ్య స్కూలు బస్సు నడుపుతాడు, ఇంటికి వస్తే చెవులకు కాస్త విశ్రాంతి కావాలంటాడు. పాపం, దొరకలేదు. వారం తిరిగేసరికి ఆయనే స్టీరింగు మీద ఆ డ్రమ్మును వేళ్లతో వాయిస్తున్నాడని బస్సులో పిల్లలు చెప్పారు.

రెండోసారి కోతకు వదిన చెయ్యి పిడి మీద, కుళాయి మీద ఉన్నంత తేలిగ్గా ఉంది. ఖాళీలో గాళ్లను ఎంత దగ్గరకు జరిపిందంటే, మైక్రోస్కోపులో చూస్తే రెంటి మధ్యా సన్నటి వెలుతురు గీత మాత్రమే మిగిలింది. అలా పొదుపు చేసుకున్న చోటంతా తర్వాత వచ్చే జోరుకు ఇచ్చేసింది. అచ్చులు తీసి, వాటితో నమూనా రికార్డులు కొట్టిన రోజు ప్రెస్సుల దగ్గరివాళ్లు కూడా పని ఆపి విన్నారు. నేను నా గదికి వెళ్లి, ఉన్నవాటిలో మూలలు చెక్కు చెదరని కవరు ఏరి ఆ మొదటి కాపీకి తొడిగాను. ఇది మా వదిన చేసింది అనుకుంటే నాకు కడుపు నిండిపోయింది. కవరు తిప్పి చూశాక ఆ నిండినదంతా చేదైంది. వెనక, కోసినవారు అని పెద్దాయన పేరు అచ్చయి ఉంది. లోపల నున్నటి పట్టీ మీద త్రికోణం, మధ్యలో చుక్క.

యజమాని అక్కడితో ఆగలేదు. విడుదలకు ఫొటో కావాలని పెద్దాయనకు కబురుపెట్టి రప్పించాడు. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతికర్ర పట్టుకుని, మెట్ల మీద ఆగి ఆగి కోత గదికి చేరుకున్నాడు. మెకానిక్ ఎదురెళ్లి ఆయన రెండు చేతులూ పట్టుకుని, ఈ రికార్డు మీ చలవే సార్ అన్నాడు. పెద్దాయన కాదనలేదు. ఇన్నేళ్లూ ఎవరు పొగిడినా కాదనలేదు, ఆయన మీద నా కోపమంతా అదే. మంచి గురువే, ఒప్పుకుంటాను. ఇంటికి వచ్చిన పొగడ్తను వెనక్కి పంపే అలవాటు మాత్రం లేదు. నేను పళ్లు కొరుక్కుంటూ గోడకు ఆనుకుని నిలబడ్డాను. వదిన లేచి ఆయనకు తన కుర్చీ ఇచ్చింది.

ఫొటోకు ముందు ఒకసారి వినమని మెకానిక్ రికార్డు పెట్టాడు. ప్లేయరు పెద్దాయన చేతికి అందేంత దగ్గరలో ఉంది. ఆయన కళ్లు మూసుకున్నాడు. మొదట డ్రమ్ముకు మొహం చిట్లించినా, కాసేపటికి కర్ర మీద వేళ్లు కదలడం నేను చూశాను. పాట పెరిగి పెరిగి ఖాళీలోకి దిగింది. స్వరాలు ఒక్కొక్కటే తప్పుకున్నాయి, గాలి చప్పుడు సన్నబడి చల్లారింది. పెద్దాయన కళ్లు తెరిచాడు. బాగా ముగించావన్నట్టు వదినకు తలాడించి, ముల్లు పైకెత్తడానికి చెయ్యి చాపాడు.

వదిన ఆ చేతిని గాలిలోనే పట్టుకుంది.

"ఆగండి మాస్టారూ. ఇంకా ఉంది."

డ్రమ్ము వచ్చింది. తలుపుకున్న అద్దం అదిరింది. ఎక్కడా గరగర లేదు, ఒక్క గాడి పక్కదానికి తగల్లేదు. పెద్దాయన చెయ్యి ఇంకా వదిన చేతిలోనే ఉంది, ఆయన వెనక్కి తీసుకోలేదు. పాట నిజంగా అయిపోయేదాకా అలాగే విన్నాడు. తర్వాత జేబులోంచి భూతద్దం తీసి, రికార్డును దీపం కింద వంచి, అంచు నుంచి గాళ్లన్నీ చూసుకుంటూ లోపలికి వచ్చాడు. త్రికోణం దగ్గర ఆగాడు. యజమాని ఫొటో తీయడానికి ఫోను పైకెత్తాడు.

"అది లోపల పెట్టండి," అన్నాడు పెద్దాయన. "ఇది నేను కొయ్యలేదు."

యజమాని నవ్వబోయాడు. ఏదో ముసలితనం, మరుపు అన్నట్టు మెకానిక్ వైపు చూశాడు. పెద్దాయన గొంతు పెంచలేదు.

"నా చెయ్యి ఎటు పోయిందో అందరూ చూశారుగా. నేనే కోసుంటే పాటను సగంలో నరికేసేవాణ్ని. నేను మానేశాక ఈ గదిలోంచి పోయినవన్నీ ఈ అమ్మాయివే. అవీ నావేనంటుంటే బాగుంది కదా అని ఊరుకున్నాను. ఇక కుదరదు. నాకు చేతకాని పని మీద నా గుర్తుంటే, నేను చేసినవాటి మీదున్న గుర్తుకు విలువేముంది? తీసెయ్యండి."

మెకానిక్ వదిన వైపు తిరిగాడు. ఇంట్లో అలమరలో దాచుకున్నవాటిలో ఎన్ని ఈవిడవో వెతుక్కుంటున్నాడని ఆ మొహం చూస్తేనే తెలిసింది. అప్పుడు గొణిగిన మాట గుర్తొచ్చింది కాబోలు, చెవులు ఎర్రబడ్డాయి. తన నాలుగు రికార్డులూ ఈవిడే కొయ్యాలని, వాటి మీద ఈవిడ గుర్తే ఉండాలని, కాదంటే పాటలు పట్టుకుని వెళ్లిపోతానని యజమానితో చెప్పేశాడు.

గుర్తు చెరపాలంటే అది పెన్సిలు గీత కాదు. పళ్లెం నుంచి అచ్చుల్లోకి దిగిపోయింది. మళ్లీ కొయ్యాలి, మళ్లీ అచ్చులు తీయాలి. యజమాని అదే చెప్పాడు. అదీ పనిచెయ్యకపోయేసరికి, కవర్లు కూడా అచ్చయిపోయాయి కదా అన్నాడు. అప్పటిదాకా గోడకు అంటుకుపోయిన నేను ముందుకు వచ్చాను.

"కవర్లు నా గదివి సార్. వెనక పేరున్నచోట కొత్త చీటీ ఒక్కోదానికీ నేనే అంటిస్తాను. కొంచెం కూడా వంకర పోదు."

వదిన నా వైపు ఒక్క చూపు చూసింది. వదినా ఆడపడుచుల మధ్య అంతకంటే పెద్ద ముద్దుముచ్చట నేనెరగను.

కొత్త పళ్లెం ఆ మధ్యాహ్నమే ఎక్కించింది. కోత వేళ గదిలో ఈగను కూడా ఉండనివ్వని మనిషి, ఆ రోజు ఎవర్నీ పొమ్మనలేదు. ఖాళీ వచ్చినప్పుడు పెద్దాయన రెండు చేతులూ కర్ర మీద బిగించుకున్నాడు, మళ్లీ ఎక్కడ లేస్తాయోనని. వదిన చెయ్యి మాత్రం కదలాల్సినంతే కదిలింది. దారం ఒక్కసారి కూడా తెగకుండా గొట్టంలోకి పోయింది. నేను అంత మందిలో ముక్కు చీదుకోలేక అలాగే నిలబడ్డాను.

పాట అయిపోయి ముల్లు లేచాక వదిన ఉక్కు సూది తీసుకుంది. త్రికోణమైతే కళ్లు మూసుకుని గీసేది. ఇప్పుడు సూది మొన పట్టీకి ఆనించి ఆగిపోయింది. ఇన్నేళ్లూ గుర్తు కావాలని అడిగిందే గాని, అది ఎలా ఉండాలో ఎప్పుడూ అనుకోలేదని నాకప్పుడు తెలిసింది. పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగి, దీపం మెడ వంచి, వెలుతురు ఆవిడ వేళ్ల మీద పడేలా పెట్టాడు. వదిన మొదలుపెట్టింది. త్రికోణం లేదు, చుక్క లేదు. ఇంటిపేరుతో సహా తన పూర్తి పేరు, ఒక్కో అక్షరం దిద్దుకుంటూ, లేబులు అంటించే చోటు చుట్టూ రాసుకుంటూ పోయింది. సగం చుట్టు తిరిగినా ఆగలేదు.

"ఇంత పొడుగెందుకమ్మా," అన్నాడు యజమాని నీరసంగా. "గుర్తంటే చిన్నది కదా."

వదిన తలెత్తలేదు. సూదీ ఆపలేదు.

"ఇన్నేళ్లవీ కలిపి రాసుకుంటున్నాను సార్."